ఫోస్టరింగ్ ఏజెన్సీకి బ్రాండ్ రీసెర్చ్ చేయించుకున్నాం: ఎలా ఉందంటే

మా ఫోస్టరింగ్ ఏజెన్సీ లోగో, రంగులు, కరపత్రాలు అన్నీ మార్చాలనుకున్నాం. లోగో గీయించే ముందు విడిగా డబ్బు కట్టి రీసెర్చ్ చేయించుకున్నాం. ఒక చిన్న డిజైన్ స్టూడియో ఆ పని చేసింది. ఈ రివ్యూ ఆ రీసెర్చ్ గురించే, లోగో పని ఇంకా మొదలవలేదు. "చిన్న ఛారిటీకి ఇదంతా అవసరమా, నేరుగా లోగో చేయించుకుంటే పోలా" అని మా ట్రస్టీలే (ఛారిటీని నడిపించే బోర్డు సభ్యులు) అడిగారు. అదే ప్రశ్న ఇంకా చాలామందికి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా: కట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి ఎందుకో కింద ఉంది.

మా పని తెలియనివాళ్ల కోసం కొంచెం. మాది ఇంగ్లండ్‌లో నడిచే ఛారిటీ. నేను కొత్త కేరర్లను, అంటే పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవాళ్లను, వెతికే విభాగంలో పనిచేస్తాను. సొంత ఇంట్లో ఉండలేని పరిస్థితి వచ్చిన పిల్లల బాధ్యత కౌన్సిల్ తీసుకుంటుంది. ఆ పిల్లల్ని కొన్ని రోజులో, కొన్ని నెలలో, ఒక్కోసారి పెద్దయ్యేదాకానో తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునే కుటుంబాలను మేం వెతుకుతాం, పరిశీలిస్తాం, శిక్షణ ఇస్తాం, ఆ తర్వాత కూడా అండగా ఉంటాం. ఇది దత్తత కాదు. చాలామంది పిల్లలకు అమ్మానాన్నలు ఉంటారు, కలుస్తూ ఉంటారు, కొందరు తిరిగి వాళ్ల దగ్గరికి వెళ్తారు.

బ్రాండింగ్‌కి వచ్చేసరికి చిక్కంతా ఇక్కడే. మామూలు ఛారిటీ జనాన్ని డబ్బు అడుగుతుంది. మేం అడిగేది ఇంట్లో ఒక గది, రాత్రి నిద్ర, ఏళ్ల తరబడి ఓపిక. పైగా మేం ఒక్కళ్లమే అడగడం లేదు. కౌన్సిళ్లు, లాభం కోసం నడిచే ప్రైవేటు ఏజెన్సీలు, మాలాంటి ఛారిటీలు, అందరూ ఆ కాసిని కుటుంబాల కోసమే వెతుకుతున్నారు. ది ఫోస్టరింగ్ నెట్‌వర్క్ అనే ఛారిటీ వాళ్లు 1997 నుంచి ఏటా నడిపే ప్రచార కార్యక్రమం, ఫోస్టర్ కేర్ ఫోర్ట్‌నైట్, మే నెలలో వస్తుంది. ఆ రెండు వారాలూ ఎవరి బ్యానర్ ఏదో గుర్తుపట్టడం మాకే కష్టం. మా పాత లోగో ముదురు నీలం, బూడిద రంగుల్లో లాయరు ఆఫీసు బోర్డులా ఉండేది. అందుకే ట్రస్టీలు స్టూడియోకి చెప్పింది ఒకటే మాట: "ఉత్సాహంగా, సంతోషంగా కనిపించాలి."

స్టూడియో మొదట చేసిన పని నాకు బాగా నచ్చింది. చాలా ఏజెన్సీల లోగోలు ప్రింట్ తీసి, పేర్లు కత్తిరించేసి, గోడకు అంటించారు. మీది ఏదో చూపించండి అన్నారు. గుండె, ఇల్లు, రెండు చేతులు, చెట్టు. ఊదా, నారింజ, నీలాకుపచ్చ. ఇవే తిరిగి తిరిగి వచ్చాయి. మా ట్రస్టీ ఒకరు పక్క ఏజెన్సీ లోగోను మాదే అనుకుని చూపించారు. ఆ తర్వాత మీటింగుల్లో "గుండె బొమ్మ పెడితే బాగుంటుందేమో" అన్న మాట మళ్లీ రాలేదు. లాభం కోసం నడిచే కంపెనీలు కూడా ఛారిటీలాగే కనిపించేలా ముస్తాబైతే, రంగులు చూసి ఎవరు ఎవరో జనం పోల్చుకోలేరన్నది కూడా ఆ గోడే చెప్పింది. అలాంటప్పుడు రిజిస్టర్డ్ ఛారిటీ అన్న విషయం ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో పెట్టడం వల్ల నష్టపోయేది మేమే.

తర్వాత, సంతోషంగా కనిపించే ఛారిటీల మీద పెద్ద భాగం. ఎక్కువ సమయం మాక్‌మిలన్ క్యాన్సర్ సపోర్ట్ మీద గడిపారు, గడపాల్సిందే. 1911లో మొదలైన ఆ సంస్థ 2006 దాకా మాక్‌మిలన్ క్యాన్సర్ రిలీఫ్. ఆ ఏడాది పేరు మార్చుకుని, వుల్ఫ్ ఆలిన్స్ అనే సంస్థ చేత రూపం కూడా మార్పించుకుంది. ఆకుపచ్చ రంగు, బ్రష్‌తో రాసినట్టు మందంగా ఉండే అక్షరాలు, "మేం మాక్‌మిలన్" అంటూ మనిషి గొంతుతో మొదలయ్యే వాక్యాలు. జబ్బు క్యాన్సర్. అయినా ఆ పోస్టర్లలో ఏడుపు లేదు, అలాగని అబద్ధపు నవ్వూ లేదు. స్టూడియో అమ్మాయి ఆ పోస్టర్లలో రంగు తీసేసి నలుపు తెలుపుల్లో చూపించింది. ధైర్యం అలాగే ఉంది. అంటే ఆ ధైర్యం ఆకుపచ్చలోంచి రావట్లేదు, సూటిగా మాట్లాడే వాక్యాల్లోంచి వస్తోంది. రిపోర్టు మొత్తం పోయినా నాకు ఆ ఒక్క పేజీ చాలు. మేం అప్పటిదాకా ఏ పసుపు వాడదాం అని కొట్టుకుంటున్నాం. ఆ రోజు నుంచి మా వెబ్‌సైట్ మొదటి వాక్యం ఏమిటి అని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

ఇళ్లు లేనివాళ్ల కోసం పనిచేసే షెల్టర్ గురించి ఒక పేజీ ఉంది. జాన్సన్ బ్యాంక్స్ స్టూడియో చేసిన పాత లోగోలో 'హెచ్' అక్షరానికి ఇంటి కప్పు ఉండేది. ఒక్క గీతతో పనంతా అయిపోయింది. చారిటీ వాటర్ గురించి ఇంకో పేజీ: స్కాట్ హారిసన్ 2006లో మొదలుపెట్టిన సంస్థ, నీళ్లు మోసే పసుపు డబ్బానే గుర్తుగా పెట్టుకుంది. జాలి అడగకుండా, శుభ్రమైన నీళ్లు వచ్చాక ఎలా ఉంటుందో చూపిస్తుంది. చూడడానికి బాగుంది. కానీ బావి తవ్వితే నీళ్లు వస్తాయి, ఫొటో తీసి దాతకు చూపించవచ్చు. మా పనిలో అలాంటి "తర్వాత" ఫొటో ఉండదు. ఈ తేడా రిపోర్టులో రాయలేదు. నేను అడిగితే ఒప్పుకున్నారు.

దీనికి పూర్తిగా ఎదురుగా, పిల్లల కోసం పనిచేసే బ్రిటన్ ఛారిటీ బర్నార్డోస్ 2003 ప్రకటనలు పెట్టారు. పేదరికంలో పుట్టే పిల్లల గురించి చెప్పడానికి, అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లో బొద్దింక, ఇంకో బిడ్డ నోట్లో సిరంజి. వందల ఫిర్యాదులు వచ్చాయి, బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ వాటిని తప్పుపట్టింది. అందరూ మాట్లాడుకున్నారు, అది నిజమే. కానీ ఆ కాలంలో ఫోస్టర్ ఇంట్లో ఉన్న ఒక పిల్లాడు బస్టాపులో ఆ బొమ్మ చూసి ఉంటే? "నా గురించి వీళ్లు ఇలా అనుకుంటున్నారన్నమాట" అనుకోడా? ఇక్కడే స్టూడియో ఒక పరిశోధన తెచ్చి చూపించింది. 2009లో డెబొరా స్మాల్, నికోల్ వెరోకి అచ్చేసిన అధ్యయనం అది. ఛారిటీ ప్రకటనల్లో పిల్లల ముఖం బాధగా ఉన్నప్పుడు, నవ్వుతూ ఉన్నప్పటికంటే జనం ఎక్కువ ఇచ్చారని తేలింది. ఏడుపు ముఖానికి డబ్బు రాలుతుందన్నమాట. మా ట్రస్టీలు కాసేపు డీలా పడ్డారు.

దీని మీద నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి. అది చందా గురించి చేసిన అధ్యయనం. చందా వేసే మనసు ఒక్క నిమిషం కరిగితే చాలు. బిడ్డను ఇంట్లో ఉంచుకోవడానికి సిద్ధపడే మనిషికి ఆ కరగడం సరిపోదు. జాలితో ఫోన్ చేసినవాళ్లలో చాలామంది, పరిశీలన ఎన్ని నెలలు పడుతుందో, ఇంట్లో ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడాలో విన్నాక మళ్లీ ఫోన్ ఎత్తరు. "నాకు చేతనవుతుందా? తోడు ఎవరైనా ఉంటారా? అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగేవాళ్లు నిలబడతారు. అందుకని మా బ్రాండ్‌కు కావలసిన ఉత్సాహం బాగా నిద్రపోయి లేచిన మనిషి ముఖంలో ఉండే లాంటిది. పండగ హడావిడి అక్కర్లేదు. స్టూడియో చివరికి ఇదే దారికి వచ్చింది కానీ, దాతల కోసం చేసిన ఉదాహరణల చుట్టూ చాలా పేజీలు తిరిగాక వచ్చింది.

అక్షరాల విషయంలో మంచి పని చేశారు. 1919లో మొదలైన సేవ్ ద చిల్డ్రన్ చాలాకాలం గిల్ శాన్స్ అనే ఫాంట్ వాడింది. దాన్ని తయారుచేసిన ఎరిక్ గిల్ సొంత కూతుళ్లను లైంగికంగా హింసించాడని 1989లో వచ్చిన జీవితచరిత్రతో లోకానికి తెలిసింది. ఆ సంస్థ ఆ ఫాంట్‌ను వదిలేస్తున్నట్టు 2022లో వార్తలు వచ్చాయి. ఫాంట్ అందంగా ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. పిల్లల రక్షణ కోసం ఉన్న సంస్థ పేరు ఆ చేతి అక్షరాల్లో ఉండకూడదు, అంతే. మా కోసం చూసిన ప్రతి ఫాంట్ వెనక ఎవరున్నారో, లైసెన్సు ఏమిటో ఒక పట్టికలో రాసి ఇచ్చారు. ఎవరూ అడగకుండానే చేశారు. ఇది నాకు చాలా పెద్ద విషయం.

రంగుల దగ్గర లెక్క తేల్చి చెప్పారు. వెబ్‌లో మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని, వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండేందుకు పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. తెలుపు మీద స్వచ్ఛమైన పసుపు పెడితే అది 1.07 మాత్రమే. అదే పసుపు మీద నలుపు పెడితే 19 దాటుతుంది. అంటే "సంతోషం" కోసం జనం ఎగబడే పసుపు, నారింజలతో తెల్ల అక్షరాలు కలిపితే చూపు తగ్గిన తాతయ్యలకు, అమ్మమ్మలకు ఏమీ కనిపించదు. మా కేరర్లలో మనవలున్న వయసువాళ్లు చాలామందే ఉన్నారు. డిస్‌లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవాళ్ల కోసం బ్రిటిష్ డిస్‌లెక్సియా అసోసియేషన్ ఇచ్చే సలహాలు కూడా చేర్చారు: 12 నుంచి 14 పాయింట్ల సైజు, కొసల్లో చిన్న గీతలు లేని సాదా అక్షరాలు, మెరిసే తెల్ల కాగితం బదులు కొంచెం మీగడ రంగు కాగితం. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, నేరుగా వాడుకోవచ్చు.

ఫొటోలు మాకు ఎప్పుడూ తలనొప్పే. మా దగ్గరున్న పిల్లల ముఖాలు ప్రచారానికి వాడలేం, వాడకూడదు. వాళ్లెక్కడ ఉన్నారో తెలియకూడని మనుషులు కొందరికి ఉంటారు. దాంతో అందరూ కొనుక్కునే ఫొటోలే మేమూ కొంటాం: గడ్డి మీద పరిగెత్తే పిల్లలు, తెల్లటి పళ్లు, ఎండ. స్టూడియో వీటికి మూడు ప్రత్యామ్నాయాలు చూపించింది. బొమ్మలు గీయించడం, కేరర్ల ఫొటోలే వాడడం, లేదా వస్తువులు. మూడోది నన్ను పట్టేసింది. స్నానాలగదిలో ఇంకా ప్యాకెట్ విప్పని కొత్త టూత్‌బ్రష్, తలుపు పక్కన వేరే సైజు బూట్లు, మెట్ల మీద రాత్రంతా వెలిగే చిన్న లైటు, ఫ్రిజ్ మీద రాసిపెట్టిన వైఫై పాస్‌వర్డ్. ఫోస్టర్ ఇల్లు నడిపినవాళ్లెవరైనా చూడగానే గుర్తుపడతారు. నడపనివాళ్లకు "ఇంత చిన్న పనులతో మొదలవుతుందా" అనిపిస్తుంది. బొమ్మల దారి మాత్రం నాకు నచ్చలేదు. ముఖాల్లేని, చేతులు సాగిన ఆ మనుషులు బ్యాంకు యాప్‌లోనూ కనిపిస్తారు, ఇన్సూరెన్స్ కాగితం మీదా కనిపిస్తారు.

ఇక అసలు డబ్బు విలువ తెలిసిన చోటు. ఫోస్టర్ ఇళ్లలో పెరిగి ఇప్పుడు పెద్దవాళ్లయిన కొందరిని స్టూడియో పిలిచింది. వాళ్ల సమయానికి డబ్బు కూడా ఇచ్చింది (ఇది మామూలుగా జరగదు, కాఫీ ఇచ్చి పంపేస్తారు). నమూనా రంగులు, లోగో ఆలోచనలు ముందు పెట్టి ఏది నచ్చిందని అడగలేదు. "ఇది ఎక్కడెక్కడ ఉంటే నీకు ఇబ్బంది?" అని అడిగింది. గదిలో మాటలు ఒక్కసారిగా పెరిగాయి. స్కూలు గేటు దగ్గర సోషల్ వర్కర్ మెడలో వేలాడే రంగు ఐడీ ట్యాగు. కేరర్ కారు అద్దం మీద అంటించిన స్టిక్కర్. స్కూలుకు వచ్చే కవరు మీద ఏజెన్సీ పేరు. పుట్టినరోజు కార్డు కింద లోగో. ఒకతను అన్న మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "మీ లోగో ఎంత బాగుంటే అంత దూరం నుంచి కనిపిస్తుంది. మా క్లాసువాళ్లకి కూడా."

బ్రాండ్ అంటే ఎక్కడ చూసినా కనిపించాలి అన్నది ఈ వృత్తిలో అందరూ నమ్మే మాట. కానీ మా బ్రాండ్ పెద్దవాళ్ల ముందు ఎంత గట్టిగా మాట్లాడినా, పిల్లల దగ్గరికి వచ్చేసరికి తప్పుకోవాలి. రిపోర్టులో దీనికి ఒక పూర్తి భాగం ఉంది, "లోగో ఉండకూడని చోట్లు" అని. ఐడీ ట్యాగుకు రెండో వైపు ఏ రంగూ, ఏ బొమ్మా లేకుండా ఉండాలి, స్కూల్లో ఆ వైపే తిప్పుకోవాలి. కవర్లు సాదావి. కార్డు మీద కేరర్ సంతకం తప్ప ఏమీ ఉండకూడదు. టీషర్టులు ప్రచార కార్యక్రమాలకే, పిల్లలతో బయటికెళ్లే రోజు వద్దు. నాకు తెలిసిన ఏ బ్రాండ్ గైడులోనూ ఇలాంటి భాగం చూడలేదు. మిగతా ఫోస్టరింగ్ సంస్థలు ఇదొక్కటి తీసుకున్నా చాలు.

దీనికి వాళ్లు తెచ్చిన ఉదాహరణ మ్యాడ్‌లగ్. ఉత్తర ఐర్లండ్‌లో 2015లో మొదలైంది. ఇల్లు మారేటప్పుడు ఈ పిల్లల బట్టలు చాలాసార్లు చెత్త వేసే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వెళ్తాయి. మ్యాడ్‌లగ్ బ్యాగులు అమ్మే సంస్థ. మనం ఒకటి కొంటే, సంరక్షణలో ఉన్న ఒక బిడ్డకు ఒక ప్రయాణపు సంచి వెళ్తుంది. నాకు నచ్చింది ఏమిటంటే, అమ్మే బ్యాగు ఎవరైనా వేసుకునే మామూలు బ్యాగులా ఉంటుంది. దాని మీద ఏడ్చే పిల్ల బొమ్మ లేదు. కొన్నవాళ్లు ఇష్టపడి భుజాన వేసుకుంటారు. ఉత్సాహంగా ఉండే ఛారిటీ బ్రాండ్ అంటే నా దృష్టిలో ఇదీ.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది, పిల్లల గైడు గురించి. ఇంగ్లండ్‌లో 2011 నాటి ఫోస్టరింగ్ సేవల నిబంధనల ప్రకారం ప్రతి ఏజెన్సీ పిల్లల కోసం ఒక గైడు రాసి, వయసుకు, అర్థం చేసుకునే శక్తికి తగ్గట్టు ప్రతి బిడ్డకూ ఇవ్వాలి. తనిఖీకి వచ్చే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ కూడా అది చూస్తుంది. మా సంస్థ అచ్చువేసే వాటన్నిటిలోకీ ముఖ్యమైన కాగితం అదే. కొత్త ఇంట్లో మొదటి రాత్రి మంచం మీద ఉండేది ఆ పుస్తకమే కావచ్చు. నాకేదైనా నచ్చకపోతే ఎవరికి చెప్పాలి అన్నది అందులోనే ఉంటుంది. స్టూడియో దాన్ని రిపోర్టు చివర్లో, కరపత్రాలు, బ్యానర్ల జాబితాలో ఒక వరుసగా రాసి వదిలేసింది. పని అక్కడ మొదలవ్వాల్సింది. రంగు, అక్షరం, బొమ్మ, ఏదైనా సరే ముందు ఆ గైడులో పెట్టి చూసి, తర్వాతే బ్యానర్ మీదకు తేవాలి.

రెండోది నాకు బాగా బాధ కలిగించింది. వాళ్లు సూచించిన ఫాంట్‌లో ఇంగ్లిష్ లిపి తప్ప ఇంకేదీ లేదు. తోడు లేకుండా ఒంటరిగా ఆశ్రయం కోసం వచ్చే పిల్లలు మా కుటుంబాల్లో ఉన్నారు. ఎరిట్రియా నుంచి, సూడాన్ నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి. తిగ్రిన్యా, అరబిక్, పష్తో చదివే పిల్లాడికి గైడు ఇస్తే, మన పేజీలు అందంగా ఉండి, అతని పేజీ ఏదో దొరికిన అక్షరాల్లో, వరుసలు తప్పి, చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే ఆ పిల్లాడికి ఏం చెబుతున్నట్టు? తెలుగు చదివేవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఒత్తులు విడిపోయి, దీర్ఘాలు ఎగిరిపోయిన ప్రభుత్వ ఫారాలు, ఆసుపత్రి బోర్డులు మనం చూస్తూనే ఉన్నాం. గూగుల్ నోటో లాంటి ఉచిత ఫాంట్ కుటుంబాల్లో ఈ లిపులన్నీ ఉన్నాయి. రీసెర్చ్ దశలోనే చూడాల్సిన విషయం ఇది. నేను గట్టిగా చెప్పాక తిగ్రిన్యా, అరబిక్ నమూనా పేజీలు వేసి పంపారు, అదనంగా డబ్బు అడగలేదు. అయినా మొదట్లో తట్టలేదన్నది తట్టలేదన్నట్టే. నాలుగు మార్కులకు కారణం ప్రధానంగా ఇదే.

ఇంకో చిన్న విషయం, రిపోర్టు మరీ లావుగా ఉంది. ట్రస్టీలు అంతా చదవరు. మొదట రెండు పేజీల్లో నిర్ణయాలు, తర్వాత ఆధారాలు అని ఇచ్చి ఉంటే మాకు ఒక మీటింగు తగ్గేది.

ఎవరికి పనికొస్తుంది? కొత్తగా మొదలైన, చేతిలో డబ్బు తక్కువ ఉన్న సంస్థ అయితే పూర్తి రీసెర్చ్ వద్దు. పేర్లు కత్తిరించి గోడకు అంటించే పని మీరే ఒక మధ్యాహ్నం చేసుకోండి, ఖర్చు ప్రింటవుట్లదే. ఆ మిగిలిన డబ్బు సంరక్షణలో పెరిగిన యువతీయువకులతో కూర్చునే సమావేశానికి పెట్టండి, వాళ్లకు ఫీజు ఇవ్వండి. మా అంత సైజు ఉండి, పాత రూపం మార్చక తప్పని స్థితిలో ఉంటే విడిగా రీసెర్చ్ చేయించుకోవడం మంచిదే. స్టూడియోతో ఒప్పందం రాసుకునేటప్పుడు మాత్రం మూడు విషయాలు కాగితం మీద పెట్టించండి: పిల్లల గైడు నమూనా మొదట రావాలి, మీ పిల్లలు చదివే లిపులన్నీ ఫాంట్‌లో ఉండాలి, లోగో ఎక్కడ ఉండకూడదో రాసివ్వాలి.

తర్వాతి దశ కూడా ఇదే స్టూడియోకు ఇచ్చాం. ట్రస్టీలు కోరిన పసుపు ఉంటుంది, నల్ల అక్షరాలతో. ఐడీ ట్యాగుల ఆర్డరు ముందే వెళ్లింది, రెండో వైపు సాదాగా.